కుక్కపిల్లను హత్తుకున్న పాప: పాత ఇంగ్లిష్ బాలచిత్రాల్లో జంతువు చేసే పని

సంక్షిప్తంగా: 16వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా ఇంగ్లండ్‌లో గీసిన పిల్లల రూపచిత్రాల్లో కుక్క, పిల్లి, పిట్ట, కోతి తరచూ కనిపిస్తాయి. వాటిని ముద్దు కోసం చేర్చిన అలంకారాలుగానో, పట్టిక చూసి అర్థం చెప్పుకోదగ్గ సంకేతాలుగానో చదవడం పరిపాటి. ఆ జంతువు ఒక్కో కాలంలో ఒక్కో పని చేసింది. మొదట వంశం హోదాను చాటింది, తరువాత మంచి పెంపకానికి సాక్ష్యమైంది, కుదురుగా ఉండని బిడ్డను నిలబెట్టేందుకు చిత్రకారుడికి సాయపడింది, చివరికి తానే కథకు కేంద్రమైంది. ఈ మార్పును గమనిస్తే పేరు లేని పాత చిత్రాన్ని అర్థం చేసుకోవడం కొంత తేలికవుతుంది.

వేలం సంస్థల జాబితాల్లోనూ, పాత వస్తువులు అమ్మే వెబ్‌సైట్లలోనూ ఒక తరహా చిత్రం పదే పదే ఎదురవుతుంది. ముదురు గోధుమరంగు నేపథ్యం, తెల్ల గౌను, నడుముకు రంగు పట్టీ, గుండ్రటి బుగ్గలు, చేతుల్లో ఇమడలేక జారిపోతున్న కుక్కపిల్ల. కింద ‘ఇంగ్లిష్ స్కూల్, 18వ శతాబ్దం’ అన్న ముక్క తప్ప గీసినవారి పేరు గానీ, బిడ్డ పేరు గానీ ఉండవు. చూసేవారికి వెంటనే కలిగే సందేహాలు కొన్ని ఉన్నాయి. గౌనులో ఉన్నది ఆడపిల్లేనా? ఆ కుక్క నిజంగా ఆ ఇంటిదేనా? అంత ఖర్చు పెట్టి చిత్రం వేయించుకున్న తల్లిదండ్రులు బిడ్డ చేతిలో పుస్తకమో పువ్వో కాకుండా జంతువును ఎందుకు కోరుకున్నారు? ఈ చివరి ప్రశ్నకు జవాబు దొరికితే మిగిలినవి చాలావరకు వాటంతట అవే విడిపోతాయి.

రాకుమారుడి చేయి, వేటకుక్క తల

లాంగ్‌లీట్ భవనంలో ఉన్న 1567 నాటి కుటుంబచిత్రంలో పదో కోభమ్ ప్రభువు విలియం బ్రూక్ ఇంటివారు కనిపిస్తారు. పెద్దలు వెనక, పిల్లలు ముందు బల్ల చుట్టూ, బల్ల మీద పళ్లు. చిలుక, చిన్న జాతి కోతి, కుక్కపిల్ల కూడా వారి మధ్యే ఉన్నాయి. పిల్లల ముఖాలు మాత్రం చిన్న పరిమాణంలో గీసిన పెద్దల ముఖాల్లా బిగుసుకుని ఉంటాయి. వారి వయసులు చిత్రం మీదే రాసి ఉన్నాయి. అలా వయసు రాయడం ఆ కాలపు అలవాటు. చిలుక, కోతి సముద్రాలు దాటి వచ్చిన సరుకు కాబట్టి, వాటిని పిల్లల ఆటకు వదలగల ఇల్లు ఎంత కలిగినదో వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ జంతువుకూ బిడ్డకూ మధ్య అనుబంధం ఏమిటన్నది చిత్రకారుడి చింత కాదు. వెండి పళ్లేల వరుసలోనే కోతి కూడా ఒకటి.

70 ఏళ్ల తరువాత, 1637లో ఆంథొనీ వాన్ డైక్ గీసిన మొదటి ఛార్లెస్ రాజు అయిదుగురు పిల్లల చిత్రంలో ఇదే ఆలోచన మరింత నేర్పుతో కనిపిస్తుంది. మధ్యలో ఏడేళ్ల రాకుమారుడు ఛార్లెస్ నిలబడి, దాదాపు తనంత ఎత్తున్న మాస్టిఫ్ జాతి కుక్క తల మీద చేయి ఆనించి ఉంటాడు. ఆ చేతిలో బలప్రయోగం లేదు, భయం లేదు. కుక్క దానంతట అదే లొంగి ఉంది. రేపు రాజ్యాన్ని ఏలవలసినవాడు ఇవాళ ఇంత మృగాన్ని అరచేతి కింద ఉంచగలడని చెప్పడం దాని ఉద్దేశం. అదే చిత్రంలో కుడివైపు చిన్న స్పానియల్ కుక్క ఒకటి చిన్న పిల్లల దగ్గర ఉంది. పెద్ద కుక్క వారసుడికి, చిన్న కుక్క పసివాళ్లకు. ఈ పంపకం యాదృచ్ఛికమని అనుకోవడం కష్టం. ఈ వంశం పేరుతోనే ఒక స్పానియల్ జాతి ఇవాళ్టికీ కింగ్ ఛార్లెస్ స్పానియల్‌గా చెలామణి అవుతోంది.

హోదా చాటే పని 18వ శతాబ్దంలోనూ పూర్తిగా పోలేదు. 1796లో బ్రిటన్ ప్రభుత్వం కుక్కల మీద పన్ను వేసినప్పుడు, పనికోసం పెంచే కుక్కకూ ముచ్చట కోసం పెంచే కుక్కకూ ఉన్న తేడా పార్లమెంటు చర్చకెక్కింది. ఒడిలో కుక్కను పెట్టుకోవడమంటే, ఏ పనీ చేయని నోటికి తిండి పెట్టగల స్తోమతు ఉందని చెప్పడమే.

పెంపకానికి సాక్ష్యం

అసలు మలుపు ఒక పుస్తకంతో వచ్చింది. తత్వవేత్త జాన్ లాక్ 1693లో పిల్లల విద్య గురించి ప్రచురించిన గ్రంథంలో, పసిపిల్లలు పిట్టలనూ సీతాకోకచిలుకలనూ హింసించి ఆనందించడాన్ని తేలిగ్గా తీసుకోవద్దని హెచ్చరించాడు. చిన్న ప్రాణులను బాధపెట్టడానికి అలవాటు పడినవారు పెద్దయ్యాక సాటి మనుషుల పట్ల కూడా కఠినంగా ఉంటారన్నది ఆయన వాదన. తనకు తెలిసిన ఒక తల్లిని కూడా ఆయన మెచ్చుకున్నాడు. కూతుళ్లు కుక్కనో, ఉడుతనో, పిట్టనో అడిగితే ఆమె కాదనేది కాదట. అయితే తెచ్చుకున్నాక దాని ఆలనాపాలనా వారే చూడాలి, నిర్లక్ష్యం చేస్తే అది పెద్ద తప్పు కింద లెక్క. పెంపుడు జంతువు ఇక్కడ ఆటవస్తువు స్థాయి దాటి బాధ్యత నేర్పే పాఠమైంది.

ఈ ఆలోచన మధ్యతరగతి, సంపన్న వర్గాల ఇళ్లలోకి దిగాక బాలచిత్రం అర్థమే మారింది. పిట్టను మెల్లగా పట్టుకున్న చేయి, కుక్కపిల్లకు ఆనించిన బుగ్గ, ఈ ఇంట్లో బిడ్డను సరిగా పెంచుతున్నారని అతిథులకు చెప్పేవి. ఎదురు ఉదాహరణ విలియం హోగార్త్ 1751లో అచ్చు వేసిన ‘క్రూరత్వపు నాలుగు దశలు’. మొదటి బొమ్మలో టామ్ నీరో అనే కుర్రవాడు వీధిలో కుక్కను చిత్రహింస పెడతాడు. చివరికి హత్య చేసి, ఉరికంబమెక్కి, శవపరీక్ష బల్ల మీదికి చేరతాడు. లాక్ వాదాన్ని వీధిలో నడిచిపోయేవారికి కూడా అర్థమయ్యేలా బొమ్మకట్టినట్టు ఉంటుంది ఆ వరుస. సంపన్నుల డ్రాయింగ్ గదిలో వేలాడే తైలవర్ణచిత్రాన్నీ, పేదల వీధిలో అమ్మిన చవక అచ్చుబొమ్మనూ పక్కపక్కన పెడితే, రెండూ ఒకే నమ్మకానికి రెండు ముఖాలని తెలుస్తుంది.

బాల్యం అనే భావనే ఐరోపాలో ఆలస్యంగా పుట్టిందని ఫ్రెంచి చరిత్రకారుడు ఫిలిప్ ఆరియెస్ 1960లో వాదించాడు. పిల్లలను చిన్న పెద్దలుగా చూపిన పాత చిత్రాలు ఆయన ఆధారాల్లో ముఖ్యమైనవి. తరువాతి చరిత్రకారులు దీన్ని గట్టిగానే ప్రశ్నించారు: ముఖం బిగుసుకుని ఉన్నంత మాత్రాన తల్లిదండ్రుల ప్రేమ తక్కువని ఎలా అంటాం, మారింది ప్రేమా లేక బొమ్మ గీసే పద్ధతా అని. రెండో పక్షం వాదనే బలంగా కనిపిస్తుంది.

గ్రహం పిల్లలు: పిల్లి, పిట్ట, కొడవలి

ఈ కోవలో అత్యంత లోతైన చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. చెల్సీ రాయల్ హాస్పిటల్‌లో ఔషధాధికారిగా పనిచేసిన డేనియల్ గ్రహం పిల్లలు నలుగురిని హోగార్త్ 1742లో గీశాడు. దాదాపు 160 సెంటీమీటర్ల ఎత్తు, 181 సెంటీమీటర్ల వెడల్పు గల పెద్ద కాన్వాస్ అది. తొలిచూపులో సందడిగా ఉంటుంది. పెద్దమ్మాయి హెన్రియెటా చంటిబిడ్డ చేయి పట్టుకుని ఉంటుంది. అన్నా మరియా గౌను అంచులు పట్టుకుని నాట్యం చేయబోతుంటుంది. కుర్చీలో కూర్చున్న రిచర్డ్ పిడి తిప్పితే పలికే చిన్న సంగీతపు పెట్టెను వాయిస్తుంటాడు. పైన పంజరంలో గోల్డ్‌ఫించ్ పిట్ట రెక్కలు కొట్టుకుంటోంది. తన పాటకే అది పరవశిస్తోందని రిచర్డ్ ముఖం వెలిగిపోతోంది.

కాని అతని కుర్చీ వెనక నుంచి చారల పిల్లి ఒకటి పైకెగబాకి, కళ్లు విప్పార్చి పంజరం వైపే చూస్తోంది. పిట్ట రెక్కలు కొట్టుకునేది పాటకు కాదు, ప్రాణభయానికి. సంగీతపు పెట్టె మీద గ్రీకు పురాణంలోని ఆర్ఫియస్ బొమ్మ ఉంది. తన వీణతో క్రూరమృగాలను కూడా మైమరపించినవాడు ఆర్ఫియస్. రిచర్డ్ వాయిస్తున్న పాట ఆ పిల్లిని ఏమీ మార్చలేదన్న చమత్కారాన్ని హోగార్త్ అక్కడ దాచాడు. ఎడమవైపు గడియారం మీద చిన్న మన్మథుడి బొమ్మ చేతిలో కొడవలి ఉంది. కాలం కోసే కొడవలి అది. దాని దగ్గరలోనే, బంగారు పూత పిట్ట బొమ్మ ఉన్న బండిలో కూర్చుని చెర్రీ పళ్లకు చేయి చాస్తున్న చంటిబిడ్డ థామస్, చిత్రం పూర్తయ్యేనాటికే చనిపోయాడు.

ఈ విషయం తెలిశాక పిల్లి చూపు వేరేగా కనిపిస్తుంది. కుడివైపు పిల్లి, ఎడమవైపు కొడవలి: రెండింటి మధ్య నలుగురు పిల్లలు, వారిలో ఇద్దరు నవ్వుతూ. లండన్ మరణాల పట్టికల్లో అయిదేళ్ల లోపు పిల్లలు పెద్ద వాటాగా ఉన్న కాలం అది. ఔషధాలే వృత్తిగా గల తండ్రి ఇంట్లోనూ ఆ వాటా తప్పలేదు. పెంపుడు పిట్ట, ఇంటి పిల్లి అనే అతి మామూలు వస్తువులతోనే ఈ మాట చెప్పడం, పుర్రెనో ఆరిపోయిన దీపాన్నో ఆశ్రయించకపోవడం హోగార్త్ ప్రతిభ. జంతువును సంకేతంగా వాడినా అది జంతువుగానే మిగిలింది. ఆ పిల్లి ఏ ఇంట్లోనైనా అలాగే చూస్తుంది.

ఇలాంటి ఆలోచన ఇంగ్లండ్‌కే పరిమితం కాదు. చిత్రకారుడు గోయా 1780ల చివర స్పెయిన్‌లో గీసిన ఎర్ర దుస్తుల బాలుడి చిత్రంలో, దారం కట్టిన మాగ్‌పై పక్షిని మూడు పిల్లులు రెప్ప వేయకుండా చూస్తుంటాయి. అది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఇంగ్లండ్‌లోనే జోసెఫ్ రైట్ 1768లో గీసిన గాలిపంపు ప్రయోగం చిత్రంలో తెల్ల కాకాటూ పక్షి ఊపిరాడక విలవిల్లాడుతుంటే ఇద్దరు ఆడపిల్లల్లో ఒకరు చూడలేక ముఖం కప్పుకుంటుంది. అది రూపచిత్రం కాకపోయినా, పిల్లల మనసు ఎలా ఉండాలని ఆ కాలం కోరుకుందో అంత సూటిగా చెప్పే చిత్రం మరొకటి దొరకదు.

పోయిన బిడ్డ కోసమే కాదు, దూరమవుతున్న బిడ్డ కోసం కూడా చిత్రాలు వేయించేవారు. హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంట్‌గా పనిచేసిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసా దంపతుల ఇద్దరు పిల్లలను జార్జ్ చినరీ 1805లో మద్రాసులో గీశాడు. ఇంగ్లండ్‌కు ఓడ ఎక్కే ముందు, హైదరాబాదీ దుస్తుల్లో. ఆ పిల్లలు తిరిగి తల్లి దగ్గరకు రాలేదు. తండ్రి అదే ఏడాది కలకత్తాలో చనిపోయాడు. ఇప్పుడు కోఠిలో ఉన్న రెసిడెన్సీ భవనాన్ని ఇంగ్లిష్ బాలచిత్రాల చరిత్రతో ముడివేసేది ఈ కాన్వాస్.

కుదురుగా కూర్చోని బిడ్డ, చిత్రకారుడి ఉపాయం

సంకేతాల గురించి ఎంత రాసినా, పని జరిగిన గది గురించి తక్కువ రాస్తారు. తైలవర్ణచిత్రానికి మనిషి పలుమార్లు వచ్చి గంటల కొద్దీ కూర్చోవాలి. నాలుగేళ్ల బిడ్డ అంతసేపు కదలకుండా ఉండదు. ఉన్నా, ముఖం వాడిపోతుంది. మన ఊళ్ల ఫొటో స్టూడియోల్లో బిడ్డ చేతికి బొమ్మ ఇచ్చి, చిటికెలు వేసి చూపు తిప్పించుకున్నది ఒక్క క్షణం కోసమైతే, ఇక్కడ అదే పని గంటల తరబడి చేయాలి. చేతిలో ప్రాణమున్నది ఏదైనా ఉంటే బిడ్డకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలుస్తుంది, ముఖంలో ఆసక్తి నిలుస్తుంది.

రాయల్ అకాడమీ తొలి అధ్యక్షుడు జాషువా రెనాల్డ్స్ 1775 ప్రాంతంలో గీసిన జేన్ బోల్స్ చిత్రం ఇందుకు మంచి తార్కాణం. లండన్ వాలెస్ కలెక్షన్‌లో ఉన్న ఆ చిత్రంలో పాప చెట్ల నడుమ మోకాళ్ల మీద కూర్చుని స్పానియల్‌ను గట్టిగా హత్తుకుంటుంది. కుక్కకు ఊపిరాడుతోందా అన్న అనుమానం వచ్చేంత గట్టిగా. దీని వెనక కథ ఒకటి ఆనాటి నుంచీ ప్రచారంలో ఉంది. రెనాల్డ్స్ ముందుగా ఆ ఇంటికి భోజనానికి వెళ్లి, పాప పక్కనే కూర్చుని, ఆమె చూపు మళ్లించి కంచం మాయం చేయడం, మళ్లీ వెతికినట్టు నటించి తెచ్చి పెట్టడం వంటి చేష్టలతో ఆమెను నవ్వించాడట. మర్నాడు పాప ఎగిరి గంతేసి ఆయన చిత్రశాలకు వెళ్లింది. ఆ ఉత్సాహం తగ్గక ముందే ముఖాన్ని పట్టేశాడు. మాస్టిఫ్ తల మీద ఆనించిన రాకుమారుడి చేతితో ఈ చేతులను పోల్చితే, నూటముప్పై ఎనిమిదేళ్లలో జరిగిన మార్పు అర్థమవుతుంది. అక్కడ అదుపు, ఇక్కడ ఆప్యాయత.

థామస్ గెయిన్స్‌బరో తన కూతుళ్లు మేరీ, మార్గరెట్‌లను 1760 ప్రాంతంలో పిల్లితో గీయబోయి మధ్యలో వదిలేశాడు. ముఖాలు పూర్తయ్యాయి, పిల్లి మాత్రం ఒడిలో కొన్ని గీతలుగానే మిగిలింది, వెతికితే తప్ప కనిపించదు. ఈ అసంపూర్ణతే ఒక పాఠం: ముఖం ముందు, జంతువు తరువాత. పిల్లకు ఆసరాగా పిల్లి ఒడిలో నిజంగా ఉన్నా, కాన్వాస్ మీదికి అది చివరనే వస్తుంది. పెద్ద చిత్రకారుల చిత్రశాలల్లో ముఖం గురువు వేస్తే బట్టలు వేరేవారు వేసేవారు. 1749లో చనిపోయిన జోసెఫ్ వాన్ ఆకెన్ అనే చిత్రకారుడు పలువురి చిత్రాలకు బట్టలు మాత్రమే వేసి బతికాడు. అందుకే కొన్ని చిత్రాల్లో ముఖం సజీవంగా, కుక్క మాత్రం గుడ్డబొమ్మలా కనిపిస్తుంది. 1782లో రెనాల్డ్స్ నిలువెత్తు చిత్రానికి 200 గినీలు, తల వరకైతే 50 గినీలు తీసుకునేవాడు. గినీ అంటే 21 షిల్లింగులు. కుక్కకు చోటు దొరకాలంటే కాన్వాస్ పెద్దదై ఉండాలి, కాన్వాస్ పెరిగితే ధర పెరుగుతుంది.

జంతువు చిత్రకారుడి చేతి నేర్పును చాటే ప్రకటనగా కూడా పనికొచ్చేది. అమెరికాలోని బోస్టన్‌లో ఉన్న జాన్ సింగిల్టన్ కోప్లీ, తన సవతి తమ్ముడిని బంగారు గొలుసు కట్టిన ఎగిరే ఉడుతతో 1765లో గీసి, మరుసటేడు లండన్ ప్రదర్శనకు పంపాడు. ఉడుత బొచ్చు, గొలుసు మెరుపు, గాజు గ్లాసులో నీరు: ఏది అడిగినా గీయగలనని సముద్రం ఆవలికి చెప్పడం ఆయన ఉద్దేశం. రెనాల్డ్స్ మెచ్చుకున్నాడు, గీతలో కాఠిన్యం ఉందని కూడా అన్నాడు.

గౌను వేసుకున్నది ఆడపిల్లేనా?

కాకపోవచ్చు. ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దం దాకా మగపిల్లలకు కూడా నాలుగు నుంచి ఏడేళ్ల వయసు మధ్య ఎప్పుడో మొదటి లాగు తొడిగేవరకు గౌనులే వేసేవారు. వాన్ డైక్ చిత్రంలో తరువాతి రోజుల్లో రెండో జేమ్స్ రాజైన బాలుడు గౌనులోనే ఉన్నాడు. గ్రహం ఇంటి థామస్ కూడా అంతే. గులాబీరంగు ఆడపిల్లది, నీలం మగపిల్లవాడిది అన్న లెక్క అప్పట్లో లేదు. చేతిలో కొరడా, డోలు, బొమ్మకత్తి వంటివి ఉంటే మగపిల్లవాడని ఊహించవచ్చు. అమ్మకందారు ‘చిన్నారి పాప’ అని రాసినంత మాత్రాన నమ్మనవసరం లేదు.

ఫొటో వచ్చాక

19వ శతాబ్దంలో రెండు మార్పులు కలిసి వచ్చాయి. 1822లో పశువుల పట్ల క్రూరత్వాన్ని శిక్షించే చట్టం, 1824లో జంతుహింస నివారణ సంఘం, 1840లో ఆ సంఘానికి విక్టోరియా రాణి ఇచ్చిన రాచగుర్తింపు వరుసగా వచ్చి, జంతువుల పట్ల దయ ఇంటి సంస్కారం నుంచి జాతి సంస్కారంగా మారింది. మరోవైపు 1839లో డాగెర్ కనిపెట్టిన తొలితరం ఫొటో పద్ధతి బయటపడింది. బిడ్డ ముఖం ఎలా ఉందో భద్రపరిచే పని క్రమంగా కెమెరాకు పోయాక, కుంచెకు కథ చెప్పే పని మిగిలింది.

అదే 1839లో ఎడ్విన్ లాండ్‌సీర్ కేంబ్రిడ్జ్ రాకుమారి మేరీని నెల్సన్ అనే న్యూఫౌండ్‌లాండ్ కుక్కతో గీశాడు. అది ఇంకా రూపచిత్రమే, కాని కుక్కకు కూడా పేరుంది, వ్యక్తిత్వముంది. శతాబ్దం చివరికి వచ్చేసరికి, విక్టోరియా రాణి పెంపుడు జంతువులను గీసిన ఛార్లెస్ బర్టన్ బార్బర్ చిత్రాల్లో బిడ్డ ఎవరన్నది అనవసరం. 1894 నాటి ‘సస్పెన్స్’లో పాప తినే ముందు చేతులు జోడించి ప్రార్థిస్తుంటే, పక్కనే కుక్కా పిల్లీ ఆమె పలహారం వైపే చూస్తుంటాయి. ఇది అచ్చు వేసి వేల ఇళ్లకు అమ్మడానికి తగిన హాస్యం. ఇలాంటి వాటిని కూడా ఇప్పుడు ‘పాత ఇంగ్లిష్ రూపచిత్రం’ పేరుతో అమ్ముతున్నారు. ఒక నిర్దిష్టమైన బిడ్డను గుర్తుంచుకోవడానికి వేయించినది రూపచిత్రం. ఏ బిడ్డయినా సరిపోయే సన్నివేశం కోసం వేసినది వేరు.

చీటీ మీది మాటలు

వేలం జాబితాల్లో ప్రతి మాటకూ వేరే బరువు ఉంటుంది. చిత్రకారుడి పూర్తి పేరు మాత్రమే ఉంటే, అది ఆయన చేతిపనేనని సంస్థ అభిప్రాయం. ‘అట్రిబ్యూటెడ్ టు’ అంటే బహుశా ఆయనదే, పూచీ లేదు. ‘స్టూడియో ఆఫ్’ అంటే ఆయన చిత్రశాలలో, ఆయన పర్యవేక్షణలో తయారైనది కావచ్చు. ‘సర్కిల్ ఆఫ్’ ఆయన కాలపువారిది, ‘ఫాలోవర్ ఆఫ్’ ఆయన బాటలో నడిచినవారిది, ‘మానర్ ఆఫ్’ అంటే చాలా తరువాత ఆ ధోరణిలో వేసినది, ‘ఆఫ్టర్’ అంటే నకలు. ఏ పేరూ తట్టనప్పుడు మిగిలేది ‘ఇంగ్లిష్ స్కూల్’. అది ఏ బడి పేరూ కాదు. ఇంగ్లండ్‌లో గీసి ఉండవచ్చన్న ఊహ మాత్రమే.

నకళ్లు ఇంత ఎక్కువగా ఉండటానికి కారణం మెజ్జోటింట్ అచ్చు. రాగిరేకు మీద వెలుగునీడలను మెత్తగా పలికించే ఈ పద్ధతిలో ఇంగ్లండ్ ఎంత ముందుండేదంటే, దానికి ‘ఇంగ్లిష్ పద్ధతి’ అనే పేరే వచ్చింది. రెనాల్డ్స్ చిత్రాలు వెలువడిన కొద్దికాలానికే అచ్చుబొమ్మలై పల్లె చిత్రకారుల చేతికి చేరేవి. వారు అందులోని భంగిమను తీసుకుని, తమ ఊరి వ్యాపారి బిడ్డ ముఖం అతికించేవారు. కుక్క మాత్రం అచ్చుబొమ్మలోదే. కాబట్టి ఒకే కుక్క ఒకే భంగిమలో రెండు మూడు వేర్వేరు ఇళ్ల పిల్లల ఒడిలో కనిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు.

రంగులు కూడా సాక్ష్యం చెబుతాయి. రెనాల్డ్స్ వాడిన ఎరుపు రంగులు వెలుతురుకు వెలిసిపోయేవి. ఆయన గీసిన ముఖాలు కొన్ని, అవి వేయించుకున్నవారు బతికుండగానే పాలిపోయాయి. జేన్ బోల్స్ తండ్రికి రెనాల్డ్స్ పేరు సూచించిన జార్జ్ బ్యూమాంట్ కూడా, రంగు వెలిసినా పరవాలేదు, వెలిసిన రెనాల్డ్స్ చిత్రమే మిన్న అన్నాడని చెబుతారు. పాలిపోయిన బుగ్గలు ఒక్కోసారి వయసుకు గుర్తు. అదే తెలుపులో టైటానియం ఉందని పరీక్షలో తేలితే, ఆ పొర 20వ శతాబ్దంలో వేసినదే. మరమ్మతు కావచ్చు, మొత్తం బొమ్మే కొత్తది కావచ్చు.

ముందువైపు కన్నా వెనకవైపు ఎక్కువ చెప్పే చిత్రాలూ ఉన్నాయి. 18వ శతాబ్దం చివరి నుంచి లండన్ రంగుల వర్తకులు కాన్వాస్ వెనక తమ ముద్ర వేసేవారు; దానితోపాటు గుడ్డ మీది ఎక్సైజు సుంకం ముద్ర కూడా ఉంటే, ఆ సుంకం 1831లో రద్దయింది కాబట్టి కాన్వాస్ అంతకు ముందుదని తేలుతుంది. ఫలానా ప్రభువు కుమార్తె అని చెక్కచట్రం మీద సిరాతో రాసి ఉన్న పేరుకు మాత్రం అంత విలువ ఇవ్వడానికి లేదు. అది చాలాసార్లు మనవళ్ల తరం ఊహించి రాసినదై ఉంటుంది. కుక్క పేరు రాసిపెట్టిన చిత్రాలు మరీ అరుదు.